వడ్డించేవాళ్ళకు వడ్డించేది ఎవరు? ఒక టిప్పుల తగాదా

రెస్టారెంట్ల లెక్కలు, సిబ్బంది జీతాల వ్యవహారాలు చక్కబెట్టడం నా వృత్తి. ఈ కేసులో నేను మొదట తప్పు మందు వేశాను. రాయడానికి అదే ముఖ్య కారణం. ఊరు, పేరు, వంటకాల రకం, డబ్బు మొత్తాలు తీసేశాను. నిష్పత్తులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

నేపథ్యం

24 టేబుళ్ళ రెస్టారెంటు. భార్యాభర్తలు నడుపుతారు. వంటగది, సరుకులు ఆయనవి, కౌంటరు ఆవిడది. సర్వర్లు మొత్తం 9 మంది, సాయంత్రం షిఫ్టులో ఆరుగురు ఉంటారు. పళ్ళాలు అందిస్తూ టేబుళ్ళు తుడిచే సహాయకులు ముగ్గురు. వంటగదిలో గిన్నెలు కడిగేవాళ్ళతో కలిపి ఎనిమిది మంది. హాలును ఆరు భాగాలు చేసుకున్నారు, భాగానికి నాలుగు టేబుళ్ళు. ఏ రోజు ఎవరికి ఏ భాగమో షిఫ్టు మొదట్లో మేనేజర్ నోటిమాటగా చెబుతాడు. ఈ చివరి సంగతిని నా నోట్సులో ఒక పంక్తి రాసుకుని వదిలేశాను. తరువాత దాని కిందే ఎర్రగీత గీయాల్సి వచ్చింది.

నగదు టిప్ ఏ టేబుల్ సర్వర్‌కు ఆ సర్వర్‌కే. కార్డు మీద ఇచ్చినది యజమాని ఖాతాలో పడి, నెలాఖరున జీతంతో కలిసి వచ్చేది. అందులోంచి 'బ్యాంకు ఖర్చు' పేరుతో నూటికి ఐదు కోసేవారు. ఎంత వచ్చింది, ఎంత కోశారు అన్న చీటీ ఏదీ ఉండదు. సహాయకులకు సర్వర్లు తోచినంత ఇచ్చేవారు. వంటగదికి ఏమీ లేదు.

ఇక్కడ సర్వర్లకు మామూలు జీతం పూర్తిగా వస్తుంది. ఇది చెప్పడం అవసరం. అమెరికాలో టిప్ తీసుకునే ఉద్యోగికి ఫెడరల్ చట్టం ప్రకారం యజమాని చేతి నుంచి ఇవ్వాల్సిన కనీస వేతనం గంటకు 2.13 డాలర్లే, 1991 నుంచి ఆ అంకె కదలలేదు. టిప్పులతో కలిపి 7.25 డాలర్లకు చేరకపోతే మిగతాది యజమాని పూడ్చాలి. కాలిఫోర్నియా, వాషింగ్టన్ వంటి కొన్ని రాష్ట్రాలు ఈ పద్ధతిని ఒప్పుకోవు. ఎక్కడ టిప్ జీతంలో భాగమో, ఎక్కడ జీతం మీద అదనమో తెలియకుండా సలహా ఇవ్వకూడదు. మొదటి చోట అతిథి టిప్ ఎగ్గొడితే సర్వర్ కూలి తగ్గినట్టే. మన కేసు రెండో రకం.

వచ్చిన సమస్య

"అతిథులు పిసినారులైపోయారండీ" అని యజమాని మొదలుపెట్టాడు. ఐదు నెలల్లో నలుగురు సర్వర్లు మానేశారు. ఎందుకు మానేస్తున్నావని అడిగితే నలుగురూ ఒకే మాట చెప్పారట: టిప్పులు చాలడం లేదు. కార్డులు వచ్చాక చిల్లర వదిలే అలవాటు పోయిందని ఆయన నిర్ధారణకు వచ్చేశాడు. కొత్త మనిషికి మెనూ నేర్పి, టేబుళ్ళ నంబర్లు వంటబట్టించి, వంటగదితో పొత్తు కుదిర్చేసరికి నెలన్నర గడిచిపోతుంది. ఆ నెలన్నర ఖర్చు ఎవరి పద్దులోనూ కనబడదు కాబట్టి అది లేదనే అనుకుంటారు.

అప్పటికే వాళ్ళు చేసి చూసినది

నేను వెళ్ళేనాటికి బిల్లులో పది శాతం సర్వీస్ ఛార్జీ మొదలై రెండు నెలలయింది. అందులో సగం సిబ్బందికి పంచి, సగం అద్దెకు వాడుకుంటున్నారు. పంచుతున్నామన్న సంతృప్తితో యజమాని ఉన్నాడు. అయినా టిప్పులు ఇంకా పడిపోయాయి.

మొదటి సాయంత్రం ఒక మూల కూర్చుని చూశాను. కుటుంబంతో వచ్చిన ఒక పెద్దాయన బిల్లు మీద ఆ పంక్తి దగ్గర వేలు పెట్టి, "ఈ పది శాతం నీకే వస్తుందా బాబూ?" అని అడిగాడు. ఆ కుర్రాడు ముందు కౌంటరు వైపు చూశాడు. తరువాత చేతిలో గుడ్డను నాలుగు మడతలు వేశాడు. "రెస్టారెంటుకు వెళ్తుందండీ, మాకూ కొంత ఇస్తారు" అన్నాడు. కొంత అంటే ఎంత అని ఆయన మళ్ళీ అడిగాడు. కుర్రాడికి నిజంగానే తెలియదు. పెద్దాయన జేబులోంచి సగం తీసిన నోటును తిరిగి లోపల పెట్టుకున్నాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు. ఒకసారి ఇచ్చాననుకున్న మనిషి రెండోసారి ఎందుకిస్తాడు?

సర్వీస్ ఛార్జీ గురించి దేశానికో తీరు ఉంది. భారతదేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం దాన్ని బిల్లులో తప్పనిసరిగా కలపకూడదు. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ మార్గదర్శకాలను సమర్థించింది. అమెరికా పన్నుల శాఖ దృష్టిలో తప్పనిసరి ఛార్జీ టిప్ కాదు, వ్యాపార ఆదాయం; అందులోంచి సిబ్బందికి ఇస్తే అది జీతం. బ్రిటన్‌లో 2024 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం మాత్రం యజమాని చేతికి వచ్చిన సర్వీస్ ఛార్జీని కూడా టిప్పులతో పాటే సిబ్బందికి చేర్చమంటుంది. చట్టం ఎలా ఉన్నా, ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నకు టేబుల్ దగ్గర నిలబడ్డ మనిషి ఒక్క వాక్యంలో జవాబు చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ ఛార్జీ ఉండకూడదన్నది నా నియమం. తీసేయించాను.

వద్దనుకున్న దారి

టిప్పులే రద్దు చేసి, ధరలు పెంచి, జీతాలు పెంచితే పోదా అని కౌంటరు చూసే యజమాని భార్య అడిగింది. కాగితం మీద అంతకంటే శుభ్రమైన పరిష్కారం లేదు. కానీ ఒక్క రెస్టారెంటు ఒంటరిగా చేయగల పని కాదది. న్యూయార్క్‌లో డానీ మేయర్ నడిపిన యూనియన్ స్క్వేర్ హాస్పిటాలిటీ గ్రూపు 2015 చివర్లో టిప్పులు ఎత్తేసి, 2020లో మళ్ళీ తెచ్చుకుంది. పేరూ పరపతీ ఉన్నవాళ్ళకే అంత తేలిక కాలేదు. మెనూలో ధర చూసే కన్ను పక్క రెస్టారెంటు మెనూతోనే పోల్చుకుంటుంది; చివర ఇవ్వబోయే టిప్‌ను కలిపి పోల్చుకోదు. పైగా బాగా సంపాదిస్తున్న సర్వర్లు సగటు జీతానికి ఉండరు. నలుగురు వెళ్ళిపోయిన చోట మరో ఇద్దరిని పోగొట్టుకునే ప్రయోగం చేయదలచుకోలేదు.

నా తప్పు మందు

సర్వర్లతో విడివిడిగా మాట్లాడాను. అందరూ అదృష్టం గురించే మాట్లాడారు. ఒక రాత్రి జేబు నిండుతుంది, మరో రాత్రి బస్సు ఖర్చులకే సరి. అదృష్టాన్ని సమం చేయాలంటే అన్ని టిప్పులూ ఒక పెట్టెలో వేసి, పనిచేసిన గంటల లెక్కన పంచాలి. ఇంతకుముందు ఒక చిన్న చోట ఈ పద్ధతి చక్కగా నడిచింది. అక్కడ ఐదుగురే సర్వర్లు, ఏళ్ళ తరబడి కలిసి పనిచేసినవాళ్ళు. ఒకరి చేతి కదలిక మరొకరికి తెలుసు. ఆ తేడాను నేను లెక్కలోకి తీసుకోలేదు. అక్కడ పనిచేసింది పెట్టె అనుకున్నాను. నిజానికి పనిచేసింది వాళ్ళ పరిచయం.

ఐదు వారాల్లో విషయం బయటపడింది. పెట్టెలో పడే నగదు మూడో వంతు తగ్గింది. కార్డు టిప్పులు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. అతిథులు నిజంగా చేయి ముడుచుకుని ఉంటే రెండూ తగ్గాలి. ఒక్క నగదే తగ్గిందంటే అది టేబుల్‌కూ పెట్టెకూ మధ్య దారిలో ఆగిపోతోందన్నమాట. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టే ప్రయత్నం కూడా చేయలేదు, ఎందుకంటే ఆ దొంగతనాన్ని పుట్టించినది నా పద్ధతే. తను నవ్వుతూ సంపాదించినది, గోడకు ఆనుకుని నిలబడ్డవాడితో పంచుకోవాలని చెప్పి, ఆపైన నిజాయితీగా లెక్క చెప్పమన్నాను.

ఇంకో తమాషా కూడా జరిగింది. గంటల లెక్క కాబట్టి షిఫ్టు చివర ఆలస్యంగా వచ్చిన అతిథుల టేబుల్‌కు వెళ్ళడానికి ఎవరూ కదలరు, కానీ ఇంటికీ ఎవరూ వెళ్ళరు. పెట్టె ఎత్తేసి పాత పద్ధతికి తిప్పేశాను. "ఇంత ఫీజు తీసుకుని మొదటికే తెచ్చారు" అని యజమాని అన్నాడు. అన్నదాంట్లో తప్పేమీ లేదు.

మొదట చేయాల్సిన పని, చివరికి చేశాను

పాత పద్ధతి మళ్ళీ నడుస్తుండగా మూడు వారాలు, అంటే 18 సాయంత్రాలు, టేబుల్ వారీగా రాయించాను: టేబుల్ నంబరు, బిల్లు, కార్డు టిప్, వడ్డించినవారి పేరు. నగదు లెక్క ఎవరూ నిజం చెప్పే స్థితిలో లేరు. అందుకే వదిలేశాను. మూడింట రెండు వంతుల బిల్లులు కార్డు మీదే వస్తున్నాయి కనుక తీరు తెలియడానికి అది చాలు.

మేనేజర్ పొగిడే సర్వరైనా, విసుక్కునే సర్వరైనా, అతిథులు ఇచ్చిన శాతం దాదాపు ఒకటే. తొమ్మిది మందిలో ప్రతి ఒక్కరి సగటూ బిల్లులో తొమ్మిది, పదకొండు శాతాల మధ్యే ఉంది. అయినా చేతికొచ్చిన డబ్బులో ఒకరికీ మరొకరికీ రెండింతలకు పైగా తేడా. ఆ తేడా అంతా ఒక్క చోట ఉంది. ఒకటో భాగంలో ఎనిమిది మంది కూర్చునే పెద్ద టేబుళ్ళు రెండు, కిటికీ పక్కవి రెండు. ఆరో భాగం వంటగది తలుపు పక్కన. ఒకటో భాగంలో సాయంత్రానికి వచ్చే టిప్ ఆరో భాగానికి రెండున్నర రెట్లు. 18 సాయంత్రాల్లో 14 సాయంత్రాలు ఒకటో భాగం ఇద్దరికే వెళ్ళింది.

ఇందులో వింతేమీ లేదని తరువాత అనిపించింది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ లిన్ దశాబ్దాలుగా టిప్పుల మీదే పరిశోధన చేశాడు. సేవ బాగుండటానికీ టిప్ శాతానికీ సంబంధం ఉంది కానీ చాలా బలహీనం. టిప్ మొత్తాన్ని అన్నిటికంటే ఎక్కువగా నిర్ణయించేది బిల్లు పరిమాణం. మనిషి తనకు అలవాటైన శాతం ఇచ్చేస్తాడు. బాగా వడ్డిస్తే టిప్ పెరుగుతుందని, అది సర్వర్‌కు చురుకు పుట్టిస్తుందని యజమానులు నమ్ముతారు. పక్కనుండి చూడలేని యజమానికి బదులు తినేవాడే పనితనం తూచి కూలి ఇస్తాడన్నది టిప్‌ను సమర్థించే ఆర్థిక వాదం. బాగానే ఉంది. కానీ తూకం రాయి టేబుల్ సైజు అయినప్పుడు పనితనం ఎక్కడ తూగుతుంది?

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని సామెత. ఇక్కడ బంతిలో కూర్చున్నది సర్వర్లు, టేబుళ్ళు వడ్డించేది మేనేజర్. ఆ ఇద్దరూ మేనేజర్‌కు వాటా ఇస్తున్నారని మిగతావాళ్ళ నమ్మకం. నాకు ఆధారమేమీ దొరకలేదు. ఆయన్ను అడిగితే, "పెద్ద టేబుల్ దగ్గర పొరపాటు జరిగితే తిట్లు నాకు. నాకు నమ్మకం ఉన్నవాళ్ళకే ఇస్తాను" అన్నాడు. ఆ జవాబు నిజమే అనిపించింది. అయినా, నోటిమాటగా పంచేవాడి మీద అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

అతిథుల మనసు మార్చడానికి యజమాని మరో ఉపాయం తెచ్చాడు. బిల్లు మీద చేత్తో కృతజ్ఞతలు రాయడం, పేరు చెప్పి పరిచయం చేసుకోవడం వంటివి టిప్ పెంచినట్టు ప్రయోగాలున్నాయి. అవి నేర్పిద్దామన్నాడు. నేర్పించండి, కానీ అది మొత్తాన్ని కాస్త పెంచుతుందే తప్ప పంపకం తగాదాను తీర్చదన్నాను.

పనిచేసినవి

భాగాల కేటాయింపు మేనేజర్ నోట్లోంచి గోడ మీదికి మారింది. వారం ముందే చార్టు అతికిస్తారు. ఒకటి నుంచి ఆరు దాకా అందరూ వరుసగా తిరుగుతారు. మేనేజర్ ఒప్పుకోడనుకున్నాను, అతనే ముందు ఒప్పుకున్నాడు. రోజూ ఆరుగురి ముఖాలు చూసి చెప్పే బాధ తప్పింది. కొత్తగా చేరినవారు మొదటి నెల ఒకటో భాగానికి వెళ్ళరని అతను పెట్టిన షరతును ఒప్పుకున్నాను. పెద్ద టేబుల్ దగ్గర తడబాటు అతిథికి అన్యాయం.

ఎవరి టిప్ వారిదే, కానీ అందులో కొంత సహాయకులకూ వంటగదికీ. ఇక్కడ ఎక్కువసేపు ఆగిపోయాను. వాటాను అమ్మకాల మీద కట్టాలా, వచ్చిన టిప్ మీద కట్టాలా? అమ్మకాల మీద కడితే నగదు దాచినా ప్రయోజనం లేదు. కానీ పెద్ద బిల్లు కట్టి ఏమీ వదలకుండా వెళ్ళిన అతిథి దగ్గర సర్వర్ తన జేబులోంచి వాటా ఇవ్వాలి. వచ్చిన టిప్ మీద కడితే న్యాయం, కానీ దాచే దారి తెరిచి ఉంటుంది. రెండోదే ఎంచుకుని, వాటాను కార్డు టిప్పులకే పరిమితం చేశాను. నగదును అడగలేదు. చెప్పలేని నిజం అడిగి ఒకసారి చేతులు కాల్చుకున్నాను కదా. కార్డు టిప్‌లో 75 శాతం సర్వర్‌కు, 15 సహాయకులకు, 10 వంటగదికి.

వంటగదితో పంచుకోవడం అన్నిచోట్లా కుదరదు. అమెరికాలో 2018 సవరణ తరువాత, యజమాని పూర్తి కనీస వేతనం ఇస్తున్నప్పుడే సర్వర్ల టిప్పుల్లో వంటవాళ్ళకు వాటా పెట్టవచ్చు. యజమానులు, మేనేజర్లు సిబ్బంది టిప్పుల్లో వాటా తీసుకోకూడదని కూడా ఆ సవరణే చెప్పింది. ఇది చెబుతుండగా కౌంటర్ దగ్గర ఆవిడ ముఖం మారింది. రద్దీ రోజుల్లో ఆవిడే రెండు టేబుళ్ళు చూసేది, వాటి టిప్ తీసుకునేది. "నేను నిలబడి పనిచేయడం లేదా?" అంది. చేస్తున్నారు. కానీ లాభం కూడా మీదే కదా అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తన టేబుళ్ళ టిప్‌ను సహాయకుల వాటాలో కలిపేసింది.

వంటగదిలో తొలి వారం వాటా పంచినప్పుడు పెద్ద వంటవాడు కవరు తిరిగి ఇచ్చేశాడు. "పదిహేనేళ్ళు పొయ్యి దగ్గర నిలబడ్డాను. వాళ్ళు మిగిల్చింది నాకెందుకండీ?" అన్నాడు. అతనికి నచ్చజెప్పాలని చూడలేదు. ఆ కవరు గిన్నెలు కడిగే ఇద్దరికీ వెళ్ళింది. నాలుగో వారం నుంచి తీసుకుంటున్నాడని విన్నాను.

కార్డు టిప్ నెలాఖరుకు బదులు ప్రతి సోమవారం, చీటీతో సహా. కోత పూర్తిగా రద్దు. నిజానికి బ్యాంకు తీసుకునేది నూటికి రెండు. వీళ్ళు కోస్తున్నది ఐదు. అమెరికా ఫెడరల్ నియమాల్లో బ్యాంకు రుసుము మేరకు తగ్గించుకోవచ్చు, బ్రిటన్ కొత్త చట్టం అదీ కుదరదంటుంది. నేను చట్టం దాకా వెళ్ళలేదు. ఏడాదంతా ఆ కోతతో మిగిలేది ఒక్క సర్వర్‌ను కొత్తగా తయారుచేసే ఖర్చులో సగం కూడా లేదని కాగితం మీద చూపించాను. యజమాని ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఈ కేసులో ఆయన వాదించకుండా ఒప్పుకున్నది అదొక్కటే.

కార్డు మెషిన్ సంగతి. బటన్లు 15, 20, 25 శాతాలు చూపేవి, అదీ పన్ను కలిపిన మొత్తం మీద. సర్వర్ మెషిన్ చేతిలో పట్టుకుని అతిథి భుజం మీదుగా చూస్తుండేవాడు. అక్కడి అతిథుల సగటు పది దగ్గర ఉన్నప్పుడు పదిహేనుతో మొదలుపెట్టడం నిలదీయడమే. బటన్లను 8, 10, 12కి మార్చి, పన్నుకు ముందు మొత్తం మీద లెక్కకట్టించి, 'వేరే మొత్తం', 'టిప్ వద్దు' అన్నవాటిని కూడా అదే సైజులో పెట్టించాను. మెషిన్ అతిథి చేతికిచ్చి రెండడుగులు వెనక్కి వెళ్ళమన్నాను. ఇచ్చేవాడికి ఇవ్వకపోయే వీలు కూడా ఉంటేనే అది టిప్. తొలి పక్షం రోజులు కార్డు టిప్పులు కొద్దిగా తగ్గాయి, తరువాత పాత స్థాయికి చేరాయి. చేరడానికి కారణం ఇదో, సర్వీస్ ఛార్జీ తీసేయడమో విడదీసి చెప్పలేను. రెండూ దగ్గరదగ్గరగా జరిగాయి.

మిగిలిన పాఠాలు

డబ్బు తక్కువైందని ఎవరైనా అన్నప్పుడు, ముందు మొత్తం తగ్గిందా, పంపకం చెడిందా అని కొలవాలి. నేను అడిగి తెలుసుకున్నాను, కొలవలేదు. 'అదృష్టం' అన్న మాట వినగానే దాని వెనుక ఒక పేరు ఉందేమో చూడాల్సింది. భయపడి మేనేజర్ పేరు చెప్పలేనివాళ్ళు దాన్ని అదృష్టం అన్నారు.

అందరికీ మేలు జరిగిందని చెప్పను. ఒకటో భాగంలో ఎక్కువ రోజులు పనిచేసిన ఇద్దరిలో ఒకామె, అందరికంటే పనిమంతురాలు, మూడో నెలలో మానేసింది. వెళ్తూ నాతో, "మీరు చేసింది న్యాయమేనండీ. నాకు మాత్రం నష్టం" అంది. ఆమె వంటివారికి వరుస తిప్పకుండా, జీతంలోనే హోదా, అదనం ఇచ్చి ఉంచుకోవాల్సింది. ఆ ఆలోచన నాకు ఆమె వెళ్ళాకే వచ్చింది. ఈ మార్పుల తరువాతి ఆరు నెలల్లో ఆమె తప్ప ఇంకెవరూ మానలేదు.

చివరిసారి వెళ్ళినప్పుడు గోడ మీద చార్టు చూశాను. రెండు చోట్ల పేర్లు కొట్టేసి, పక్కన ఇద్దరి సంతకాలతో మార్చి రాసుకున్నారు. ఎవరు మార్చారని మేనేజర్‌ను అడిగాను. "వాళ్ళలో వాళ్ళే మార్చుకుంటారండీ, నన్ను అడగరు" అన్నాడు. ఆరో భాగం తీసుకున్న అమ్మాయికి మరునాడు పరీక్ష ఉందట, త్వరగా వెళ్ళాలని అడిగి మరీ తీసుకుంది.